పాత యింటికి క్రొత్త కిటికీలు

అమరకోశమున గవాక్షమునకు వాతాయనమని మఱియొక పేరు గలదు. గాలి వచ్చు త్రోవ యని దాని యర్థము. ఈ యర్థమును మఱవనిచో పాత యింటికి క్రొత్త కిటికీల నెన్నుకొనుట సులభమగును. మఱచినచో నెంత ధనము వెచ్చించినను ఇల్లు ఉక్కపోతకు నెలవగును. కిటికీలు మార్చు సంగతిని సాధారణముగా మగవారును, వడ్రంగియు, దుకాణదారుడును గూడి నిశ్చయింతురు. కాని నడివేసవిలో పొయ్యి యెదుట నిలుచునదియు, పసిబిడ్డను నిద్రపుచ్చునదియు, మంచము పట్టిన అత్తగారికి విసరునదియు తఱచుగా స్త్రీయే. కావున నీ విషయమున మన మాట చెల్లవలెను. చెల్లవలెనన్న సంగతి మనకు దెలిసియుండవలెను.

గోదావరి, కృష్ణా తీరములందలి మండువా లోగిళ్లను జూడుడు. పెక్కిండ్లలో కిటికీకి టేకు చట్రమును, నిలువు ఇనుప ఊచలును, పైన రెండు, క్రింద రెండు చొప్పున రెక్కలును ఉండును. క్రింది రెక్కలు మూసి పై రెక్కలు తెరచినచో వీధిలోని వారి చూపు లోనికి రాదు, గాలి మాత్రము వచ్చును. గోడ పైభాగమున వెంటిలేటరు లుండును. వేడెక్కిన గాలి తేలికయై పైకెగసి వానిగుండ వెడలిపోవును. దాని స్థానమునకు క్రిందినుండి చల్లని గాలి చేరును. క్రొత్త కిటికీలు పెట్టించుచు, దుమ్ము వచ్చునని వెంటిలేటరులను మూయించువారు కలరు. అట్టి గదిలో వేడి కప్పు క్రిందనే నిలిచిపోవును.

కావున మార్చుటకు ముందు పాతదానిని పరీక్షింపుడు. చట్రపు క్రింది పట్టెపై వాననీరు నిలుచును గనుక తొలుత పాడగునది యదియే. సన్నని మేకుతో గ్రుచ్చి చూడుడు. మెత్తగా దిగినచో కుళ్లినట్లో, చెదలు తిన్నట్లో యెఱుగునది. చట్రము గట్టిగా నుండి రెక్కలు మాత్రమే వంగినచో రెక్కలు మార్పించిన చాలును. పాతకాలపు సున్నపు గోడలలో చట్రమును పెఱికినచో పైనున్న ఇటుకలు కదలవచ్చును. తప్పనిసరియైనచో ముందుగా పైగోడకు ఆధారము పెట్టించుడు.

పాత రంగును గీకునప్పుడు మఱింత జాగ్రత్త కావలెను. వెనుకటి రంగులలో సీసము కలియుచుండెడిది. మన దేశమున ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగును పొడిగా రుద్దినచో లేచెడి ధూళి పసివారి మెదడునకు కీడు చేయును. కావున తడిపి గీకింపుడు. పిల్లలను, గర్భవతులను ఆ దరికి రానీయకుడు. రాలిన పెచ్చులను తడిగుడ్డతో నెత్తి పారవేయుడు.

ఇక క్రొత్తవాని రకములు. ప్రక్కకు జరుపు రెండద్దముల కిటికీ చూచుటకు ముచ్చటగా నుండును, చోటు తక్కువ పట్టును. కాని ఎంత తెరచినను సగమే తెరచుకొనును. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల యెత్తు గల కిటికీ 16 చదరపు టడుగులు గదా, గాలికి దొరకునది 8 మాత్రమే. బందులపై తిరుగు రెక్కల కిటికీ యించుమించు పూర్తిగా తెరచుకొనును. పడకగదికి, వంటయింటికి ఇదియే మేలు. ఇరుకు నడవవైపు, రెక్క తగులునను భయమున్నచోట జరుపు కిటికీ పెట్టించవచ్చును.

అల్యూమినియమునకు చెదలు పట్టదు కాని యది యెండవేడిని త్వరగా లోనికి దెచ్చును. యు.పి.వి.సి. వేడిని అంతగా దేదు, చెదలును పట్టదు. కాని పెద్ద కిటికీలకు లోపల ఉక్కుపట్టీ యున్నదో లేదో అడిగి తీసికొనవలెను. కొయ్యకు ఏటేట సంరక్షణ కావలెను, కాని చెడినప్పుడు ఊరి వడ్రంగియే బాగుచేయగలడు.

పడమటి గోడకు అద్దము తగ్గింపుడు. అద్దము దాటి వచ్చిన యెండవేడిని లోపలి తెర పూర్తిగా ఆపజాలదు. వెలుపలి చూరుగాని, కొయ్యరెక్కగాని ముందే యాపును. సముద్రతీరమువారికి గాలివాన భయము కూడ గలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు అద్దములు విస్తారముగా పగిలిపోయెను. అట్టిచోట్ల టఫెన్డ్ అద్దము మేలు. అది పగిలినను కత్తులవలె గాక చిన్న ముక్కలై రాలును.

మలేరియా క్రిమిని దోమలో రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టులో మన సికింద్రాబాదునందే. దోమతెర లేని కిటికీ సాయంకాలము మూతపడక తప్పదు. తెరను ఊడదీసి కడుగుటకు వీలుగా పెట్టించుడు, దుమ్ము పట్టిన తెర గాలి నడ్డును. ఇనుప ఊచలు దొంగలకు అడ్డమే కాని, నిప్పంటుకొన్నప్పుడు మనకును అడ్డమగును. కనుక పడకగదిలో నొక కిటికీకైనను లోపలినుండి తెరచుకొను ఊచల తలుపు పెట్టించి, దాని తాళపుచెవి యుండుచోటు ఇంటిల్లిపాదికి తెలుపుడు.

సోదరీమణులారా! వడ్రంగిని బిలుచుటకు ముందు నొకటి రెండు దినములు ప్రతి గదిలోను మధ్యాహ్న మొకమాఱు, సాయంకాల మొకమాఱు అగరువత్తి వెలిగించి, పొగ యెటు పోవునో చూచి కాగితముపై వ్రాసికొనుడు. పొగ నిలిచిపోవు గదికి గాలిత్రోవ చాలదని యర్థము. అచ్చట పెద్దగా తెరచుకొను కిటికీయు, ఎదురుగోడను మఱియొక కంతయు కావలెను. ఆ కాగితమును ఇంటివారి యెదుట నుంచినచో వాదము లేకుండ నిర్ణయము జరుగును.