పేరు పోయినా పాట ఆగలేదు

“అమ్ములూ, ప్లేయర్ మూయకు. స్పేస్‌బార్ నొక్కి పాట ఆపు, అంతే. ఇంకేం ముట్టుకోకు.”

ఈ కనుమ నాడు తెనాలిలో, అక్కావాళ్ళ ముందుగదిలోకి గారెల పళ్ళెం కింద పెట్టి పరుగెత్తుతూ అన్న మాటలివి. మా మేనకోడలు తొమ్మిదో తరగతి. నల్లటి టెర్మినల్ కిటికీలో ఒక్క లైను కొట్టి, మా అమ్మమ్మ పాడిన మంగళహారతి ఫైలు తీసేసింది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ రికార్డింగు చేసిన ఫోను కూడా ఎప్పుడో పాడైపోయింది. టెర్మినల్లో తీసేసిన ఫైలు చెత్తబుట్టలో ఆగదు, వెతుక్కుని వెనక్కి తెచ్చుకునే వీలుండదు. అక్క గుమ్మంలో నిలబడి నోట మాట రాక చూస్తోంది. అయినా స్పీకర్లోంచి అమ్మమ్మ గొంతు వస్తూనే ఉంది, రెండో చరణం దగ్గర.

పిల్లను ఏమీ అనలేను. “పాట వస్తుండగా దాని ఫైలు తీసేస్తే ఏమవుతుంది మామయ్యా?” అని ముందురోజే అడిగింది. ఇరవై ఏళ్ళుగా పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను, ఇంత చక్కటి ప్రశ్న అరుదుగా వింటాను. ఒక సినిమా పాటకి నకలు తీసి, ప్లేయర్లో పెట్టి, ఫైలు చెరిపేసి చూపించాను. పాట చివరిదాకా వచ్చింది. మర్నాడు తనంతట తానే మళ్ళీ చేసి చూద్దామనుకుంది. చేతికి అందిన ఫైలు ఇది.

ఆ లాప్‌టాప్ 2014లో కొన్నది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు అందులో లేదు. యంత్రం మాత్రం గట్టిగా ఉంది. పండక్కి వెళ్ళినప్పుడు అక్కని ఒప్పించి, భోగి నాడు విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్కించాను. ఒప్పించానంటున్నాను గానీ, “నీ సరదా ఎందుకు కాదనాలి” అన్నంత వరకే తను వచ్చింది.

ఇప్పుడు పాట ఎందుకు ఆగలేదన్న సంగతి. దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి. 1969లో న్యూజెర్సీలో ఒకావిడ చంటిబిడ్డనెత్తుకుని కాలిఫోర్నియాలో ఉన్న అత్తమామల దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో మిగిలిన భర్త పేరు కెన్ థాంప్సన్. బెల్ ల్యాబ్స్‌లో పని. మల్టిక్స్ అనే భారీ వ్యవస్థ తయారీలోంచి ఆ సంస్థ అప్పుడే తప్పుకుంది. పెద్దగా ఎవరూ వాడని పీడీపీ-7 యంత్రం ఒకటి అతనికి దొరికింది. మెమరీ 8 వేల పదాలు, ఒక్కో పదం 18 బిట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు. భార్య తిరిగొచ్చేలోగా, మూడు వారాల్లో, వారానికొక భాగం చొప్పున, ఆపరేటింగ్ సిస్టం రూపం తేల్చేశాడు. దానికే తరవాత యూనిక్స్ అని పేరొచ్చింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క మాత్రం అంతకుముందే, డెనిస్ రిచీ, రడ్ కెనడేలతో కలిసి నల్లబల్ల మీద గీసుకున్నది: డిస్కు మీద ఫైళ్ళు ఎలా ఉండాలన్న లెక్క.

వాళ్ళు చేసిందేమిటంటే, ఫైలునీ ఫైలు పేరునీ విడదీశారు.

మన బళ్ళో రెండు పుస్తకాలుంటాయి. ఒకటి అడ్మిషన్ రిజిస్టరు: పిల్లాడి నంబరు, పుట్టినతేదీ, అన్నీ అందులోనే. రెండోది తరగతి హాజరుపట్టీ: పేరు, పక్కన నంబరు. హాజరుపట్టీలో పేరు కొట్టేసినంత మాత్రాన పిల్లాడు మాయమైపోడు కదా! యూనిక్స్‌లో ఫోల్డరు అంటే అలాంటి హాజరుపట్టీ. అందులో పేరూ నంబరూ తప్ప ఇంకేం ఉండదు. అసలు వివరాలు, అంటే ఫైలు ఎంత పెద్దది, ఎవరిది, డిస్కులో ఏయే గళ్ళలో ఉంది అన్నవన్నీ ఆ నంబరు గల వేరే పద్దులో ఉంటాయి. ఆ పద్దు పేరు ఐనోడ్. అందులో ఫైలు పేరు మాత్రం రాయరు. ఈ మాట మా పిల్లలకు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు “అదెలా సార్, ఫైలుకి తన పేరు తెలీదా?” అంటారు. తెలీదు. మనింట్లో ఒకే పిల్లని అమ్ములు అనీ, బంగారం అనీ, బళ్ళో ఇంకో పేరుతోనూ పిలిచినట్టు, ఒకే ఐనోడ్‌కి నాలుగు ఫోల్డర్లలో నాలుగు పేర్లుండొచ్చు. ఏది అసలుదంటే జవాబు లేదు, నాలుగూ సమానమే. ఎన్ని పేర్లున్నాయో ఆ లెక్కొక్కటి ఐనోడ్ దాచుకుంటుంది.

అందుకే యూనిక్స్‌లో ఫైలు తీసేసే ఆజ్ఞ కింద, అడుగున జరిగే పనికి పెట్టిన పేరు ‘డిలీట్’ కాదు. ‘అన్‌లింక్’. ముడి విప్పడం. హాజరుపట్టీలో ఒక పేరు కొట్టేసి, ఐనోడ్‌లో లెక్క ఒకటి తగ్గిస్తుంది. లెక్క సున్నాకి వచ్చినా డిస్కు గళ్ళు వెంటనే ఖాళీ అయిపోవు. ఆ ఫైలుని ఎవరైనా తెరిచి పట్టుకుని ఉన్నారా అని చూస్తుంది కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ. పేర్లన్నీ పోవాలి, పట్టుకున్న చేతులన్నీ వదలాలి. ఆ రెండూ జరిగాకే గళ్ళు వేరొకరికి దక్కుతాయి.

మా మంగళహారతికి పేర్లు పోయాయి. ఒక చెయ్యి మాత్రం ఇంకా పట్టుకుని ఉంది, ప్లేయర్‌ది. పాట పూర్తయి ప్లేయర్ ఫైలు మూసిందంటే ఆ చెయ్యీ వదిలినట్టే. అమ్ములు స్పేస్‌బార్ నొక్కింది, పాట ఆగింది, పట్టు మాత్రం అలాగే ఉంది.

తరవాతి పని రెండు నిమిషాలు. యూనిక్స్ బాటలోనే నడిచే లినక్స్‌లో ‘ప్రాక్’ అని ఒక ఫోల్డరుంటుంది. అది డిస్కు మీద ఉండదు. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్ గురించీ కెర్నెల్ మనకు చూపే కిటికీ అది. ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక నంబరు, ఆ నంబరుతో ఒక ఫోల్డరు, అందులో ‘ఎఫ్‌డీ’ అనే ఇంకో ఫోల్డరు, ఆ ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్న ఫైళ్ళ జాబితా. అక్కడ చూస్తే ఒక వరసలో మంగళహారతి పేరు, దాని చివర ‘డిలీటెడ్’ అన్న మాట. పక్కనే కూర్చున్న అమ్ములు చేతే కాపీ ఆజ్ఞ కొట్టించాను: ఈ తలుపులోంచి తీసి, ఇంట్లోకి వెయ్యి. కొత్త ఫైలు తెరిస్తే మొదటి నుంచి చివరిదాకా పాట అంతా ఉంది, మధ్యలో అమ్మమ్మ దగ్గుతో సహా. అక్క ఆ దగ్గు దగ్గరే ఏడ్చింది. ఆ తరవాతే అసలు ప్లేయర్‌ని మూయనిచ్చాను. వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, నా ఫోన్లోకి ఒకటి నకళ్ళు తీశాను.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఈ గుణాన్ని ముచ్చటగా వాడుకుంటారు. తాత్కాలికంగా ఒక ఫైలు కావాలంటే తెరిచి, వెంటనే పేరు తీసేస్తారు. ఇక అది ఎవరి కంటికీ కనబడదు, ఆ ప్రోగ్రామ్ ఒక్కటే వాడుకుంటుంది. కరెంటు పోయినా ప్రోగ్రామ్ చచ్చినా పేరు లేని చెత్త మిగిలిపోదు. ఇందులో ఒక చిక్కూ ఉంది. సర్వర్లో డిస్కు నిండిపోతుంది, ఫైళ్ళన్నీ కూడితే సగం కూడా ఉండవు. పేరు కోల్పోయిన ఏ లాగ్ ఫైలునో ఒక ప్రోగ్రామ్ ఇంకా పట్టుకుని రాస్తూనే ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మా విద్యార్థులు ఈ చిక్కుతో రాత్రిపూట ఫోన్ చేస్తుంటారు.

మరి విండోస్‌లో ఇదే పని చేస్తే? చాలాసార్లు, “ఈ ఫైలు వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉంది” అని చెరపనివ్వదు. అది చేతకానితనం అనుకునేవాళ్ళతో నేను ఒప్పుకోను. అది ఇంకో గొప్ప ఇంజనీరు ఆలోచన. డేవ్ కట్లర్ డిజిటల్ అనే కంపెనీలో పనిచేసేవాడు. యూనిక్స్ పుట్టిన పీడీపీ-7 ఆ కంపెనీదే. యూనిక్స్ పెరిగిన పీడీపీ-11 కూడా వాళ్ళదే. ఆ పీడీపీ-11 కోసమే కట్లర్ ఆర్‌ఎస్ఎక్స్-11ఎం అనే ఆపరేటింగ్ సిస్టం రాశాడు, తరవాత వ్యాక్స్ యంత్రాల కోసం వీఎంఎస్‌కి నాయకత్వం వహించాడు. అతనికి యూనిక్స్ నచ్చదన్న సంగతి అందరికీ తెలిసిందే. 1988లో మైక్రోసాఫ్ట్‌కి వెళ్ళి, 1993లో విండోస్ ఎన్‌టీ బయటికి తెచ్చాడు. ఇప్పటి విండోస్ 11 ఆ వంశమే. ఒకే కొట్టంలో కట్టిన రెండు ఎడ్లు వేరువేరు బళ్ళు లాగినట్టు, ఒకే కంపెనీ యంత్రాల మీద పుట్టిన రెండు ఆలోచనలు యాభై ఏళ్ళుగా పోటీ పడుతున్నాయి.

విండోస్‌లో కూడా లోపల ఫైళ్ళకి నంబర్లున్నాయి, ఒక ఫైలుకి రెండు పేర్లు పెట్టొచ్చు. తేడా తెరిచే దగ్గర ఉంది. అక్కడ ఒక ప్రోగ్రామ్ ఫైలు తెరుస్తూ ముందే షరతు చెబుతుంది: నేను వాడుతుండగా మిగతావాళ్ళు చదవొచ్చా, రాయొచ్చా, చెరపొచ్చా? ఒద్దంటే కెర్నెల్ ఎవరినీ రానివ్వదు. ఇద్దరు గుమాస్తాలు ఒకే లెక్కల ఫైలు తెరిచారనుకోండి. విండోస్ రెండోవాణ్ణి గుమ్మంలోనే ఆపగలదు. యూనిక్స్‌లో తాళం ఉంది గానీ అది మర్యాద తాళం, పాటించేవాడు పాటిస్తాడు. పాటించకపోతే చివర రాసినవాడి లెక్కే మిగులుతుంది. దుకాణం నడిపేవాడికి కట్లర్ పద్ధతే నిబ్బరం.

దాని ఖరీదు అప్‌డేట్ల రోజున తెలుస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైలుని విండోస్ మార్చలేదు, అది పట్టులో ఉంది. కాబట్టి “ఫలానా ఫైలు స్థానంలో ఫలానాది పెట్టాలి” అని రిజిస్ట్రీలో ఒక చీటీ రాసుకుంటుంది. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు, ఇంకెవరూ నిద్ర లేవకముందే ఆ చీటీ చూసి మార్చేస్తుంది. రీస్టార్ట్ అడిగే సందర్భాల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ చీటీయే. మింట్‌లో అయితే కొత్త ఫైలుని పక్కన వేరే పేరుతో పూర్తిగా రాసి, చివర ఒక్క క్షణంలో పాత పేరుని దానికి తగిలిస్తారు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ పాత ఐనోడ్ పట్టుకుని నడుస్తూనే ఉంటుంది, కొత్తగా తెరిచినవాడికి కొత్తది దొరుకుతుంది. కెర్నెల్‌నే మారిస్తే మాత్రం లినక్స్ కూడా రీస్టార్ట్ కావాలి. పాత ఐనోడ్‌తో నడిచే ప్రోగ్రామ్‌లో పాత లోపం అలాగే ఉంటుంది, దాన్ని మూసి తెరిచేదాకా. ఇది అక్కకి గట్టిగా చెప్పాను.

మిగతా చరిత్ర అందరికీ తెలిసినదే. 1991లో ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి యూనిక్స్ పద్ధతిలో సొంత కెర్నెల్ రాసి ఇంటర్నెట్లో పెట్టాడు. అదే లినక్స్, ఇప్పుడు మనందరి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. యాపిల్ కంప్యూటర్లు కూడా యూనిక్స్ పిల్లలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. విండోస్ 10 కాలంలో కట్లర్ వంశంవాళ్ళు కూడా యూనిక్స్ తరహా తొలగింపుని తమ ఫైళ్ళ వ్యవస్థ ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి తెచ్చుకున్నారు.

లినక్స్‌కి మారాలా వద్దా అని ఇంట్లో జరిగిన చర్చకి ఇవేవీ పనికిరాలేదు. నాన్నకి ఉన్న భయం ఒక్కటే: తెలుగు టైపింగ్. రిటైరయ్యాక ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుని, పింఛనుదారుల సంఘం ఉత్తరాలన్నీ ఆయనే కొడతారు. ఇన్‌స్క్రిప్ట్ ఏ ఒక్క కంపెనీదీ కాదు, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖాయం చేసిన అమరిక. మింట్‌లో కీబోర్డుల జాబితాలోంచి తెలుగు ఎంచి ఆయన ముందు పెట్టాను. కళ్ళు మూసుకుని ‘గౌరవనీయులైన’ అని కొట్టారు. వచ్చింది. “ఔత్వం అక్కడే ఉందిరా” అన్నారు. ఆ సాయంత్రమే తన కంప్యూటరు కూడా తెచ్చి ఇచ్చారు.

బావ సంగతి వేరు. ఆయనకి డీటీపీ షాపుంది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, ఊళ్ళో కవుల పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి. పాతికేళ్ళ పని అందులో ఉంది. ఆ అక్షరాలు యూనికోడ్ కాదు, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. “నీ లినక్స్‌లో ఇవి తెరుచుకుంటాయా?” అని సూటిగా అడిగారు. ఆయనకి అలవాటైన తీరులో తెరుచుకోవన్నాను. ఆ యంత్రం జోలికి వెళ్ళలేదు.

షాపులో రెండో కంప్యూటరుంది, జనం వాట్సాప్‌లో పంపే ఆధార్ కార్డులూ హాల్‌టికెట్లూ ప్రింటు తీసేది. దానికి ఒప్పుకున్నారు. ఎక్కించాక బావ మొదట చేసిన పని, ఒక ఆధార్ పీడీఎఫ్‌కి ప్రింటు కొట్టి, కాగితం రాకముందే ఫైలు చెరిపేయడం. ఊరివాళ్ళ కాగితాలు తన దగ్గర ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఉండకూడదని ఆయన నియమం. కాగితం చక్కగా బయటికొచ్చింది.

“మీ ఐనోడ్ మహిమేనా?” అన్నారు.

కాదన్నాను. ప్రింటు కొట్టగానే దానికొక నకలు స్పూల్ ఫోల్డర్లోకి వెళ్ళిపోతుంది, ప్రింటరు చదివేది ఆ నకలునే. విండోస్‌లోనూ అంతే. అయితే ఆ నకలు పని అయిపోయాక వెంటనే పోతుందా అని అడిగారు. ఎంతసేపు ఉంచాలో ప్రింటింగ్ సెట్టింగుల్లో చెప్పొచ్చు. ఇద్దరం స్టూళ్ళు లాక్కుని కూర్చుని, ఆ లైను వెతికి, అసలు ఉంచొద్దని రాశాం.