అన్న అడిగాడు, క్రిప్టో నేర్పాలా?

ఈసారి పురుగుల సంగతి కొంచెం పక్కన పెట్టి, గూళ్ళు అమ్మినాక చేతికొచ్చే డబ్బు సంగతి మాట్లాడుకుందాం.

హోసూరు పక్క నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. కంపెనీలో పని, ఆదివారమైతే ఇంటికొచ్చి ఆకు కోస్తాడు. మూడేళ్ళుగా జీతంలోంచి కొంచెం కొంచెం తీసి బిట్‌కాయిన్ కొంటున్నాడు. ఇంటి దగ్గర పురుగులు మేపేది వాళ్ళన్న. ఆయన ఇప్పుడు, "ఒరే, ఆ యాప్ నాకూ నేర్పరా, రెండు పంటల డబ్బు బ్యాంకులో ఊరికే పడుంది" అంటున్నాడట. తమ్ముడి బాధ ఇది: "నేర్పినాక డబ్బు పోతే వదిన ముందు నిలబడలేను. నేర్పకపోతే, నువ్వొక్కడివే బాగుపడాలనా అంటాడు. ఏం చేసేదన్నా?"

ఇది ఒక్క ఇంటి కథ కాదు. చింతామణి, శిడ్లఘట్ట, ముళబాగిలు, హోసూరు, ఎటు చూసినా ఇంటికొకరు బెంగుళూరులోనో ఏదో ఫ్యాక్టరీలోనో ఉన్నారు. వాళ్ళ ఫోనులో ఏముందో ఇంట్లోవాళ్ళు చూస్తూనే ఉన్నారు.

మా మాట ఏమంటే, నేర్పు తమ్ముడూ. కానీ కొనడం చివర నేర్పు. నువ్వు కాదంటే మీ అన్న ఊరుకుంటాడనుకోవద్దు. టెలిగ్రామ్‌లో ఊరూ పేరూ లేని గురువులు కాచుకొని ఉన్నారు. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళకు గెయిన్ బిట్‌కాయిన్ పేరు గుర్తుండే ఉంటుంది. నెలకు 10 శాతం లెక్కన 18 నెలలు ఇస్తామని చెప్పి జనం దగ్గర బిట్‌కాయిన్లు కట్టించుకున్నారు. 2018లో పూణే పోలీసులు దాని పెద్దను అరెస్టు చేశారు. పోయిన డబ్బుకు జనం ఏళ్ళ తరబడి తిరిగారు. అందులో చేరినవాళ్ళు చాలామంది అత్యాశపరులేం కాదు. సొంతమనిషే చెప్పాడని చేరినవాళ్ళు. అందుకే ఇంట్లో తెలిసినవాడు నోరు మూసుకుంటే ఆ ఖాళీలోకి వేరేవాడు వస్తాడు.

ముందు మీ అన్నకు ఆ వస్తువేమిటో చెప్పు. ఆయనకు ధరలు ఎగిరిపడటం కొత్త కాదు. రామనగర మార్కెట్టులో సోమవారం ఒక ధర, బుధవారం ఇంకో ధర చూసినవాడే. కానీ గూడుకు వెనక ఒక పని ఉంది. ఎంత పాడు మార్కెట్టయినా రీలరుకు దారం తీయాలి, మగ్గం ఆడాలి. మనం ధర తక్కువని ఏడుస్తాం గానీ గూళ్ళను తిరిగి ఇంటికి మోసుకొచ్చే రోజు అరుదు. బిట్‌కాయిన్ 2009లో మొదలైంది, మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టకుండా దాని లెక్క రాసి ఉంది. అందుకే విలువ అంటారు. అయితే అది ఆకు పెట్టదు, దారం ఇవ్వదు. రేపు ఇంకొకడు ఎక్కువకు కొంటేనే లాభం.

అంకెలు కూడా రెండు పక్కలా చెప్పాలి. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దాకా వెళ్ళింది. సరిగ్గా ఏడాదికి, 2022 నవంబరులో, 16 వేల లోపుకు పడింది. అంటే లక్ష పెట్టినవాడి చేతిలో పావు లక్ష కూడా లేదు. 2024 డిసెంబరులో అదే లక్ష డాలర్లు దాటింది. ఆ మధ్యలో అమ్ముకోకుండా ఆగగలిగినవాడు బాగుపడ్డాడు. చాకీ పురుగులకు డబ్బు కట్టాల్సినవాడు ఎట్లా ఆగుతాడు? పైగా ఇది బిట్‌కాయిన్ మాట. లూనా అని ఒకటుండేది. 2022 మే మొదట్లో 80 డాలర్ల దగ్గర ఉంది, రెండు వారాలు తిరక్కుండానే ఒక సెంటు కూడా చేయలేదు. మనకు సున్నపు రోగం వచ్చి పంట పోయినా తోట మిగులుతుంది, కొన్నాళ్ళకు మళ్ళీ ఆకు వస్తుంది. లూనా కొన్నవాళ్ళకు మిగిలిన తోట లేదు.

ఇక పన్ను. ఇది తెలియకే చాలామంది మునుగుతున్నారు కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. మనలో చాలామంది రిటర్న్ అనేదే వేసినవాళ్ళం కాము, మన ఆదాయానికి పన్ను పడదులే అనుకుంటాం. ఇక్కడ ఆ కనీస మినహాయింపు పనిచేయదు, మొదటి రూపాయి లాభం నుంచే పన్ను. ఇంకా దారుణం ఏమంటే, ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో కలుపుకోనివ్వరు. లెక్క చూడండి. మీ అన్న ఒక కాయిన్ 20 వేలకు కొని 30 వేలకు అమ్మాడు, 10 వేలు లాభం. ఇంకోటి 20 వేలకు కొని 12 వేలకు అమ్మాడు, 8 వేలు నష్టం. ఆయన లెక్కలో మిగిలింది 2 వేలు. సర్కారు లెక్కలో లాభం 10 వేలే. దాని మీద పన్ను 3,000, సెస్సు 120. మొత్తం 3,120 కట్టాలి. అంటే గెలిచాననుకున్న మనిషి చేతి నుంచి 1,120 పెట్టుకున్నాడు. ఇది కాక 2022 జూలై నుంచి అమ్మిన మొత్తంలో 1 శాతం టీడీఎస్ పట్టుకుంటున్నారు. ఎక్కువ పట్టుకున్నది వెనక్కి రావాలన్నా రిటర్న్ వేయాల్సిందే.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే సగం మంది అన్నలు అక్కడే ఆగిపోతారు. ఆగితే మంచిదే, నేర్పిన పని అయిపోయినట్టే.

ఆగకపోతే, బ్యాంకు ఖాతా సంగతి చెప్పు. మార్కెట్టు డబ్బు ఇప్పుడు చాలాచోట్ల నేరుగా ఖాతాలోకే వస్తోంది. క్రిప్టోను ఎక్స్చేంజీలో కాకుండా ముక్కూ మొహం తెలియనివాడికి నేరుగా అమ్మితే, వాడు పంపిన డబ్బు ఎక్కడో ఎవరినో మోసం చేసి తెచ్చిందై ఉండొచ్చు. అక్కడ ఫిర్యాదు పడితే ఇక్కడ మన ఖాతా స్తంభించిపోతుంది. ఏ రాష్ట్రం పోలీసులో, ఏ స్టేషనో, వాళ్ళ చుట్టూ తిరగాలి. పురుగు నాలుగో జ్వరం లేచి ఆకు ఆకు అంటుంటే, కూలీలకు ఇవ్వడానికి ఖాతాలో సొంత డబ్బే కదలదు. అందుకని నేరుగా అమ్మే పని వద్దే వద్దు, గూళ్ళ డబ్బు వచ్చే ఖాతాను దీనికి కలపనే వద్దు. కమీషన్ ఇస్తాం, నీ ఖాతా కొన్నాళ్ళు వాడుకోనియ్యి అనేవాడు వస్తే గడప కూడా తొక్కనియ్యొద్దు. మోసం జరిగిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయండి.

ఎక్స్చేంజీ అయినా కేంద్ర ప్రభుత్వపు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదైనదేనా అని చూడాలి. నమోదైనంత మాత్రాన డబ్బు భద్రమని కాదు. వజీర్‌ఎక్స్ మన దేశంలో పెద్ద పేరున్నదే. 2024 జూలైలో దాంట్లోంచి 23 కోట్ల డాలర్లకు పైగా దొంగలు కొట్టేశారు, వాడుకదారులు నెలల తరబడి డబ్బు తీసుకోలేకపోయారు. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా బీమా ఉంది. ఇక్కడ అదేమీ లేదు.

ఇన్ని విన్నాక కూడా మీ అన్న "సరేరా, చూద్దాం" అంటే, 500 రూపాయలతో మొదలుపెట్టించు. ఒక బిట్‌కాయిన్‌ను 10 కోట్ల ముక్కలు చేయొచ్చు కాబట్టి ఆ 500కూ ఒక ముక్క వస్తుంది. వారంలో దాన్ని అమ్మించి, బ్యాంకులోకి వెనక్కి తెప్పించు. దొంగ యాప్ అయితే ఇక్కడే బయటపడుతుంది. తెర మీద లాభం కనబడుతుంది, తీయబోతే ముందు పన్ను కట్టు, ఫీజు కట్టు అంటుంది. తన ఫోను, తన పాన్, తన పాస్‌వర్డ్ ఉండాలి. "నువ్వే నీ పేరు మీద పెట్టెయ్‌రా" అంటే మాత్రం ఒప్పుకోవద్దు తమ్ముడూ. లాభమొస్తే పన్ను నీ పేరు మీద పడుతుంది, నష్టమొస్తే మాట నీ మీద పడుతుంది.

ఇంకొక సంగతి, మా లెక్కలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నేర్పేటప్పుడు వదినను కూడా కూర్చోబెట్టు. రాత్రి పదింటికి మేత వేసేది, జ్వరం లేచిన పురుగు మీద విజేత పొడి చల్లేది, చంద్రికల్లోంచి గూళ్ళు వలిచేది ఎవరు? ఆ రెండు పంటల డబ్బులో ఆమె చెమట సగం కన్నా ఎక్కువే. ఆమెకు తెలియకుండా ఫోనులోకి పోయిన డబ్బు, పోయినాక తెలిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో మీకు తెలుసు. "ఊరికే పడుంది" అన్న డబ్బుకు ఆమె దగ్గర పేర్లు ఉంటాయి. వచ్చే చాకీకి ఇంత, తోటకు ఎరువు ఇంత, పిల్ల ఫీజు ఇంత, బ్యాంకులో కుదువబెట్టిన గొలుసు విడిపించడానికి ఇంత. అన్ని పేర్లూ తీసేశాక మిగిలింది ఎంతో ఆమెనే చెప్పమను. చాలా ఇళ్ళలో అక్కడ మిగిలేది ఆ 500 రూపాయలే.

నేర్పకూడని ఇల్లు కూడా ఉంది. అప్పు తీర్చడానికి క్రిప్టో అనే మనిషికి, ఆన్‌లైన్ రమ్మీలో ఇదివరకే చేయి కాలినవాడికి వద్దు. వాళ్ళకు "నాకు తెలియదన్నా" అనకు, అది అబద్ధమని వాళ్ళకూ తెలుసు. "తెలుసు, అందుకే నేర్పను" అని చెప్పు. పెద్దవాడికి చిన్నవాడు అట్లా చెప్పడం కష్టమే. చిన్నాయనో మేనమామో ఎవరైనా పెద్దమనిషిని పక్కన పెట్టుకొని చెప్పు.

ఆఖరి జ్వరం తర్వాత వారం రోజుల్లో ఈ మాట ఎత్తొద్దు. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతం పైగా ఆ వారంలోనే తింటుంది, ఇంట్లో ఎవరికీ కూర్చొని వినే తీరిక ఉండదు. గూళ్ళు మార్కెట్టుకు పోయి, షెడ్డు కడిగి బ్లీచింగ్ కొట్టిన మర్నాడు పెట్టుకో. కాగితం, పెన్ను తీసుకెళ్ళు. ఫోను తర్వాత తీయొచ్చు.

మీ ఇంట్లో ఇట్లాంటి మాట నడిచుంటే వాయిస్ పెట్టండి, పేరు లేకుండా పంచుకుంటాం. వచ్చే సంచికలో ఊజీ ఈగ వలల గురించి.