మీకు తెలుసా? సూర్యుడి మీద శుక్రుడి చుక్క

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా సాగిపోతుంటే, విశాఖపట్నంలో ఒక తెలుగువాడు సొంత వేధశాల నుంచి ఆ క్షణాలను నమోదు చేశారు! ఆయన అంకితం వెంకట నర్సింగరావు. డాబాగార్డెన్స్‌లోని ఆ వేధశాలను 1840 ప్రాంతంలో కట్టించింది ఆయన మామగారు, జమీందారు గోడే వెంకట జగ్గారావు. నర్సింగరావు పరిశీలన లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. సర్కారు కొలువు కాదు, సొంత ఖర్చు, సొంత తపన. అందుకే ఆ పేరు మన బడిపిల్లలకు తెలియాలి.

హైదరాబాద్‌లోనూ నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో సొంత వేధశాల పెట్టారు. తర్వాత అదే నిజామియా వేధశాలగా బేగంపేటకు చేరింది.

శుక్రుడు మళ్లీ సూర్యుడిని దాటేది 2117 డిసెంబరులో.