మతిమరుపుకు పొడులు కాదు, పద్ధతి కావాలి

ఎల్లారెడ్డి నుంచి పొద్దుటి బస్సుకు కామారెడ్డి పోయి, ఎండంతా తిరిగి మాపటికి ఇల్లు చేరాక "అయ్యో, రిపేరుకిచ్చిన స్టార్టరు తేనే లేదు" అని నెత్తి కొట్టుకునే రైతులు తక్కువేమీ కాదు. మళ్ళీ బస్సు ఛార్జీ, ఒక రోజు పని, పైగా నీళ్ళు లేక ఎండే మడి. బీపీ గోలీ వేసుకున్నదీ లేనిదీ గుర్తులేక రెండోసారి మింగేవారి సంగతి ఇంకా ప్రమాదం.

వయసు మీద పడింది, బుర్ర పనిచేయడం లేదని సరిపెట్టుకోవడం మామూలైంది. నిజానికి చాలా మరుపులకు బుర్ర కారణం కాదు. చెవి ఇటు, మనసు అటు ఉన్నప్పుడు విన్న మాట లోపలికే పోదు. పోనిది తిరిగి ఎట్లా వస్తుంది? తాళంచెవి గూట్లో పెట్టేటప్పుడు "గూట్లో పెడుతున్న" అని ఒక్కసారి పైకి అంటే సాయంత్రం వెతుకులాట తప్పుతుంది. ధాన్యం కొలిచే మనిషి "లాభం, రెండు, మూడు" అని గొంతెత్తి లెక్క పెట్టడంలోనూ ఈ గుణమే ఉంది. కొంగుకు ముడి వేసుకునే పద్ధతీ మంచిదే. కాకపోతే ముడి ఎందుకు వేసుకున్నదీ మరిచిపోయేవారున్నారు. వేసేటప్పుడే పని పేరు పైకి అనుకోవాలి.

నాలుగైదు పనులు మోసుకుపోయేవారికి దారి కంటే మంచి చీటీ లేదు. ఎల్లారెడ్డి, లింగంపేట, తాడ్వాయి, కామారెడ్డి: ఈ వరుస ఈ ప్రాంతం వారికి నిద్రలోనూ తప్పదు. ఒక్కో ఊరికి ఒక్కో పనిని తగిలించాలి. ఎల్లారెడ్డి బస్టాండులో బ్యాంకు పాసుబుక్కు బెంచీ మీద కూర్చున్నట్టు, లింగంపేట నాగన్న బావి మెట్ల మీద యూరియా బస్తా దొర్లుతున్నట్టు, తాడ్వాయిలో స్టార్టరు రోడ్డుకు అడ్డం పడ్డట్టు, కామారెడ్డి రైలు స్టేషన్లో బీపీ గోలీలు వానలా కురుస్తున్నట్టు ఊహించుకోవాలి. ఊహ ఎంత విడ్డూరంగా ఉంటే అంత గట్టిగా నిలుస్తుంది. నవ్వులాటగా తోచినా ఇది పాత విద్య. రోము దేశపు వక్త సిసిరో రెండు వేల ఏళ్ళ క్రితమే దీని గురించి రాశాడు. జ్ఞాపకశక్తి పోటీల్లో పేరు తెచ్చుకున్నవారిని లండన్ పరిశోధకులు పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. వారి మెదడు నిర్మాణంలో గాని, తెలివిలో గాని ప్రత్యేకత కనబడలేదు. పదిమందిలో తొమ్మిదిమంది ఈ దారి పద్ధతినే వాడుతున్నట్టు తేలింది.

తెలుగువారికి సొంతమైన గొప్ప ఉదాహరణ అవధానం. ఎనిమిదిమంది పృచ్ఛకులు అడ్డు తగులుతుండగా పద్యాలు చెప్పి, నడుమ మోగిన గంటలు లెక్కించి, చివర అన్నీ వరుసగా అప్పజెప్పే విద్య అది. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి జంట దానిని ఊరూరా వ్యాపింపజేసింది. గణం, యతి, ప్రాస జారిపోయిన మాటను పట్టి ఇస్తాయి. పండితుల దాకా పోనక్కరలేదు. నిజామాబాద్ ప్రాంతంలో చిందు ఎల్లమ్మ పేరు తెలిసినవారికి చిందు యక్షగానం సంగతి చెప్పాలా? పుస్తకం ముందు లేకుండా తెల్లవార్లూ దరువులు నడుస్తాయి. బడిపిల్లలు ఎక్కాలు రాగం తీసి చదివినప్పుడు అబ్బేదీ ఇట్లాగే.

అయితే పిల్లలు పాఠాన్ని పదిసార్లు చదివితే వచ్చేసిందని అనుకోవడం పొరపాటు. రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, ఏం చదివారో తమకు తామే చెప్పుకోవాలి. వారం తరువాత పరీక్ష పెడితే ఇట్లా చెప్పుకున్నవారే ఎక్కువ గుర్తుంచుకున్నారని అమెరికాలో 2006లో వెలువడిన పరిశోధన చూపింది. నేర్చినది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ 1885లోనే లెక్కగట్టాడు. కాబట్టి ఆ సాయంత్రమే ఒకసారి, మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి తిరగవేయాలి. రాత్రంతా మేలుకొని చదవడం వృథా. నిద్రలోనే చదువు కుదురుకుంటుంది.

గోలీల విషయంలో మాత్రం జ్ఞాపకాన్ని నమ్మరాదు. గోడ క్యాలెండరులో ఆ రోజు గడిని మింగిన వెంటనే కొట్టివేయడం సులువు.

ఇక ఈ పద్ధతులకు లొంగని మరుపు ఉంది. తెలిసిన దారిలో తప్పిపోవడం, అడిగిన మాటే గడియకోసారి అడగడం, ఇంటివాళ్ళ పేర్లు తడుముకోవడం ముసలితనమని వదిలేయరాదు. బి12 విటమిను లోపం, థైరాయిడు, తీవ్రమైన దిగులు వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వీటికి చికిత్స ఉంది. సంతలో అమ్మే జ్ఞాపకశక్తి పొడులకు డబ్బు పోసేముందు రక్తపరీక్ష చేయించడం మేలు.

ఈ జిల్లాలో మరో కారణాన్ని దాచి లాభం లేదు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలో కల్తీ కల్లు తాగి పదుల సంఖ్యలో జనం ఆసుపత్రి పాలయ్యారు. కల్తీకి వాడే అల్ప్రాజోలం వంటి మత్తుమందు కొత్త సంగతులను మెదడులో నిలవనివ్వదు. ఏళ్ళుగా అలవాటైనవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు రావచ్చు గనుక డాక్టరు సలహాతో మెల్లగా మానాలి. ఆసుపత్రికి పోయేటప్పుడు తాగే కల్లు సంగతి దాచకుండా చెప్పాలి. ఇంట్లో వాడే గోలీలన్నీ, నిద్ర గోలీలతో సహా, ఒక సంచిలో వేసుకుపోవాలి.