అల్లవరం రొయ్య, లూసియానా ఓటు

కోనసీమలోని అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన చెరువుగట్ల మీద బేరమంతా కౌంట్ లెక్కే. కిలోకు ముప్పై తూగితే ఒక రేటు, వంద తూగితే ఇంకో రేటు. పట్టుబడి నాడు ఆ రేటు ఎందుకు పడిందని అడిగితే చాలాసార్లు జవాబు అమెరికాలో దొరుకుతుంది. అక్కడ కూడా అధ్యక్షుడి దగ్గరే కాదు, లూసియానా రొయ్యల జాలర్ల ఓట్ల దగ్గర కూడా.

తాబేళ్లు తప్పించుకునే దారిలేని వలలతో పట్టిన రొయ్య మాకొద్దని 1989లోనే అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ప్రభుత్వం దాన్ని కరేబియన్ ప్రాంతానికే పరిమితం చేస్తే, పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి. ప్రపంచమంతటికీ వర్తించాల్సిందేనని 1995 చివర్లో అమెరికా వాణిజ్య న్యాయస్థానం తేల్చింది. భారత్‌తో సహా నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)కు వెళ్లాయి. తాబేలును కాపాడటం సబబే, అమలు తీరులో వివక్ష ఉందని 1998లో తీర్పొచ్చింది. చెరువు రొయ్యకు సముద్రపు వలతో పనిలేదు కాబట్టి మనవాళ్లు అప్పటికి గట్టెక్కారు.

అసలు దెబ్బ తర్వాత పడింది. 2003 డిసెంబర్ 31న లూసియానా సహా అమెరికా గల్ఫ్ తీరపు జాలర్లు, మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారంటూ ఆరు దేశాల మీద డంపింగ్ ఫిర్యాదు వేశారు. 2005 ఫిబ్రవరిలో మన ఎగుమతిదారుల్లో చాలామందికి 10.17 శాతం సుంకం పడింది. ఇందులో గమ్మత్తు ఏమిటంటే, 2000లో సెనేటర్ బర్డ్ వ్యవసాయ ఖర్చుల బిల్లులో దూర్చిన ఒక సవరణ ప్రకారం, వసూలైన సుంకం ఫిర్యాదుదారులకే పంచేవారు. ఫిర్యాదు చేయడమే ఆదాయమైతే ఎవరు ఊరుకుంటారు? ఇది తప్పని డబ్ల్యూటీవో 2003లోనే చెప్పినా, కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది 2006లో. చిన్న రాష్ట్రానికైనా సెనేట్‌లో రెండు ఓట్లుంటాయి మరి.

మన వైపు చూడండి. వాణిజ్య ఒప్పందానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. అమెరికా అధికారుల ప్రశ్నలకు జవాబిచ్చేది పెద్ద ఎగుమతిదారులు, కేంద్ర వాణిజ్య శాఖ. చెరువు రైతుకు ఆ గదిలో కుర్చీ లేదు. 2024లో సబ్సిడీల పేరిట మరో 5.77 శాతం, 2025 ఆగస్టులో వీటికి తోడు 50 శాతం సుంకం పడ్డప్పుడూ అంతే. విచిత్రమేమిటంటే, ఈ 50 శాతానికి ఆధారమైన 1977 నాటి అత్యవసర చట్టం అధ్యక్షుడికి అంత అధికారం ఇవ్వదని 2025 మేలో చెప్పింది కూడా 1995లో తాబేళ్ల తీర్పిచ్చిన ఆ వాణిజ్య న్యాయస్థానమే. అక్కడ కేసు వేసినవాళ్లలో అమెరికా చిన్న వ్యాపారులున్నారు.

కాబట్టి అమెరికాలో ఓటున్న కోనసీమ బిడ్డలకు ఒక మనవి. డంపింగ్ ఫిర్యాదులు వినే అమెరికా ట్రేడ్ కమిషన్ విచారణలు బహిరంగంగానే జరుగుతాయి. రొయ్య ధర పెరిగితే మోసేది మీ ఊరి హోటళ్లూ, మీరూ. ఆ సంగతి మీ కాంగ్రెస్ సభ్యుడికి ఒక ఉత్తరం రాసి చెప్పండి.