సముద్రపు బడిలో ఒక దినము

కాలిఫోర్నియా తీరమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, పసిఫిక్ మహాసముద్రములో సాంటా కాటలీనా అను ద్వీపము కలదు. అందలి టోయన్ అను చిన్న అఖాతమున, వేసవి సెలవులలో విద్యార్థులకై 'కాటలీనా సీ క్యాంప్' అను శిబిరము జరుగుచుండును. తెరచాప పడవ నడుపుటయు, సముద్రజీవుల పరిశీలనయు అచ్చట కలిపి నేర్పుదురు. ఈ రెంటికిని సంబంధమేమి? ఇట్టి శిబిరములలో ఒక దినము ఎట్లు గడచునో చూచినచో తెలియును. ఏ పని ఎప్పుడు చేయవలెనో నిర్ణయించునది గడియారము కాదు, గాలి.

ఉదయమున ఆ నీరు సాధారణముగా నిశ్చలముగా నుండును. ప్రొద్దు కొంత పైకెక్కిన పిదప, గాలి లేవకముందు, నీటి స్వచ్ఛతను కొలువవచ్చును. పరికరము మిక్కిలి సులభమైనది: 30 సెంటీమీటర్ల వెడల్పుగల తెల్లని పళ్లెము, మీటరు మీటరుకు గుర్తులు పెట్టిన త్రాడు. పళ్లెము కనుమరుగైన లోతును, పైకి లాగునపుడు మరల కనబడిన లోతును వ్రాసికొని, రెంటి సగటు తీయుదురు. 1865లో ఇటలీ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సెక్కి, పోపుగారి ఓడపైనుండి మధ్యధరా సముద్రమున దీనిని పరీక్షించెను. ఒకే పడవలోని ముగ్గురు పిల్లలు మూడు లోతులు చెప్పవచ్చును. ఎండ వైపున నీటి తళుకు కన్నులను మోసగించును. అందుచేత పడవ నీడ పడిన వైపునుండియే చూడవలెను. మన ఊరి చెరువులో కూడ, తెల్లరంగు పూసిన రేకుతో ఉపాధ్యాయులు దీనిని చేయింపవచ్చును. మీటరైనను దిగకమునుపే రేకు మాయమైనచో ఆశ్చర్యపడనక్కరలేదు!

ఈ లోతు ఊరక వ్రాసికొను అంకె కాదు. ద్వీపము చుట్టును కెల్ప్ అను పెద్ద నాచు అడవివలె పెరుగును. అది అడుగున రాతిని పట్టుకొని, గాలిబుడ్డల సాయమున పైకి లేచును. పరిస్థితులు అనుకూలించినచో దినమునకు అరమీటరు వరకు పెరుగును. కాని దాని మొలక అడుగుననే పుట్టవలెను. అచ్చటికి వెలుతురు అందనిచో అడవియు లేదు, దాని చాటున బ్రతుకు చేపలును లేవు. నీటి వేడిమియు ముఖ్యమే. 2014 తరువాత ఉత్తర కాలిఫోర్నియా తీరమున నీరు వేడెక్కి, నాచును మేయు ముండ్ల జీవులు పెచ్చుపెరుగుటచే, అచ్చటి మరియొక జాతి కెల్ప్ అడవి పదింట తొమ్మిది పాళ్లకు పైగా నశించెను.

మధ్యాహ్నమునకు గాలి లేచును. నేల త్వరగా వేడెక్కును, నీరు ఆలస్యముగా వేడెక్కును. నేలమీది గాలి తేలికయై పైకి పోగా, సముద్రముమీది చల్లని గాలి ఆ చోటికి వచ్చును. మన కోస్తా జాలరులకు ఇది క్రొత్త సంగతి కాదు. తెరచాపల కాలమున వారు తెల్లవారుజామున భూపవనముతో పోయి, సముద్రపవనముతో ఒడ్డు చేరెడివారు.

వెనుకనుండి వీచు గాలి పడవను త్రోయుననుట ఎవరికైనను తెలియును. ప్రక్కగాలి సంగతి వేరు. వంపు తిరిగిన తెరచాప పక్షిరెక్కవలె పనిచేయును. దానిపై కలుగు బలము కొంత ముందునకు, కొంత ప్రక్కకు ఉండును. నీటిలోనికి దించిన అడుగుపలక పడవను ప్రక్కకు జారనీయదు. కావున అది ముందునకు సాగును. అయినను తెరచాపతో గాలికి సూటిగా ఎదురుపోవుట సాధ్యము కాదు. సుమారు 45 డిగ్రీల కోణమున ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మళ్లుచు పోవలెను. 1 కిలోమీటరు ఎదురుగా నున్న చోటు చేరుటకు దాదాపు 1.4 కిలోమీటర్లు నడపవలసియుండును. లంబకోణ త్రిభుజము గీచి విద్యార్థులే దీనిని తేల్చుకొనవచ్చును.

ఈ లెక్క ఒక్కొక్కప్పుడు ప్రాణములకు సంబంధించినది. మొదట గాలివాలున హాయిగా దూరము పోయినవాడు, గాలి ముదురుచుండగా, అలసిన చేతులతో ఎదురుగాలిలో మరలవలసివచ్చును. అందుచేత ముందు గాలికెదురుగా పోయి, తిరుగునపుడు గాలివాలున వచ్చుట క్షేమము. పడవ ఒరిగిపోయినను దానిని విడిచి ఒడ్డునకు ఈదరాదు. గాలి నింపిన అరలుండుటచే అట్టి చిన్న పడవ సులభముగా మునుగదు. బయటకు పొడుచుకొని వచ్చిన అడుగుపలకపై బరువు మోపినచో అది లేచి నిలుచును. ఇది తరగతిలో చెప్పు తులాదండ సూత్రమే.

రాత్రివేళ సన్నని నైలాను వలను నీటిలో లాగి, చిక్కిన సూక్ష్మజీవులను సీసాలో పట్టవచ్చును. కొన్ని రాత్రులలో ఆ సీసాను కదిపినంతనే నీలికాంతి మెరయును. ఆ తీరమున ఇట్లు వెలుగు వానిలో లింగులోడినియమ్ అను ఏకకణజీవి ఒకటి. 1950 దశాబ్దమున బియాట్రిస్ స్వీనీ, వుడ్‌లాండ్ హేస్టింగ్స్ అను శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగశాలలో మసక వెలుతురున, పగలు రాత్రి భేదము తెలియకుండ ఉంచి చూచిరి. అయినను అది సుమారు 24 గంటలకొకసారి, తన రాత్రివేళకు, ఎక్కువగా వెలుగుచునే యుండెను.