విద్యుత్తుకు ధర కట్టేదెవరు?

బంటింగ్ పట్టణంలో ఒక దుకాణంలో బియ్యం నచ్చకపోతే మరొక దుకాణానికి పోవచ్చును. విద్యుత్తు విషయంలో ఆ వీలు లేదు. ఒకే వీధిలో ఇద్దరు వేర్వేరు స్తంభాలు పాతడం వృథా వ్యయం గనుక, మలేసియా ద్వీపకల్పంలో దాదాపు అంతటా తెనాగా నేషనల్ సంస్థయే ఇంటింటికీ విద్యుత్తును అందిస్తున్నది. పోటీ లేనిచోట ధర న్యాయమైనదో కాదో తేల్చే మధ్యస్థుడు అవసరమవుతాడు.

1990కి పూర్వం జాతీయ విద్యుత్ బోర్డు ప్రభుత్వానిదే. ఆ యేట అది కంపెనీగా మారింది. పిమ్మట ప్రైవేటు ఉత్పత్తిదారులు ప్రవేశించారు. బంటింగ్ ఉన్న కువాలా లంగాట్ జిల్లాలోనే అట్టి గ్యాసు విద్యుత్ కేంద్రం ఒకటి వెలసింది. వీరందరికీ లైసెన్సులిచ్చి పర్యవేక్షించే బాధ్యతను 2002 జనవరి 1 నుండి 'సురుహన్‌జాయ తెనాగా', అనగా ఇంధన కమిషన్, వహిస్తున్నది.

ధర ఒక్కటే దాని విచారణాంశం కాదు. 1996 ఆగస్టు 3న తెరెంగానూలోని పాక విద్యుత్ కేంద్రం వద్ద తలెత్తిన లోపం ద్వీపకల్పమంతటినీ చీకటిలో ముంచింది. ఒక పెద్ద కేంద్రం హఠాత్తుగా తప్పుకుంటే దాని భారం మిగిలినవాటిపై పడుతుంది. సెకనుకు 50 ఆవృత్తులుండవలసిన పౌనఃపున్యం పడిపోతుంది. యంత్రాలు పాడుకాకుండా రక్షక సాధనాలు వాటిని ఒక్కొక్కటిగా విడదీస్తాయి. కాబట్టి అదనపు ఉత్పత్తి సామర్థ్యం సిద్ధంగా ఉండాలి. దాని ఖర్చూ చివరకు బిల్లులోకే వస్తుంది. ఎంత భద్రతకు ఎంత వెల అన్నదే నియంత్రణలోని అసలు చిక్కు.

సంస్థ ఖర్చులను, పెట్టుబడిపై న్యాయమైన రాబడిని లెక్కించి కొన్నేండ్లకు మూలధరను నిర్ణయించే పద్ధతి ఇక్కడ 2015-2017 గడువుతో పూర్తిగా అమలులోకి వచ్చింది. ఇంధన ధరల హెచ్చుతగ్గులను వేరుగా సర్దుతారు. లెక్కలు కమిషన్ పరిశీలించినా, తుది ఆమోదం మంత్రిదే.

ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలి మాత్రం బహిరంగ విచారణ జరిపి, తానే ఉత్తర్వు ఇస్తుంది. రైతైనా, గృహస్థుడైనా నిలబడి అభ్యంతరం చెప్పవచ్చును. ఎవరికైనా ధర తగ్గించదలచిన ప్రభుత్వం ఆ లోటును తానే భరించాలి. ఈ ఒక్క అంశంలో ఆంధ్ర పద్ధతియే మెరుగు. అయితే విచారణ జరిగినంత మాత్రాన జనం సమ్మతించినట్లు కాదు. 2000లో ఛార్జీల పెంపుపై హైదరాబాదు అట్టుడికింది.

మలేసియాలో నీటి సేవలకు 'స్పాన్', ద్వీపకల్పంలోని బస్సులు, రైళ్ళ సేవలకు 2019 నుండి 'అపాడ్' వేర్వేరుగా ఉన్నాయి. విద్యుత్ బిల్లుపై సందేహముంటే ముందు సంస్థకు వ్రాయాలి. అక్కడ పరిష్కారం దొరకనప్పుడు ఇంధన కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చును.